ఓడ కంటే ముందు ఒడ్డు: సీమ నుంచి క్రూజ్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు

కర్నూలు, అనంతపురం, కడప. మూడింటికీ సముద్రం లేదు. అయినా పెళ్లిరోజుకో, నాన్న రిటైర్మెంటుకో, పిల్లల సెలవులకో క్రూజ్‌కు పోదామనే మాట ఈమధ్య ఇళ్లలో బాగానే వినపడుతోంది. సాధారణంగా అది వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్‌తో మొదలవుతుంది: నాలుగు రాత్రులు, భోజనం ఉచితం, తలకు ఇంత. ఆ ధర నచ్చి అడ్వాన్సు కట్టేస్తారు. వీసా, విమానం, సెలవులు ఆ తర్వాత గుర్తొస్తాయి.

క్రూజ్‌లో డబ్బు పోయేది, ప్రయాణం ఆగిపోయేది ఎక్కువగా ఒడ్డు మీదే. వీసాలో ఎన్నిసార్లు ప్రవేశం ఉందో చూసుకోకపోవడం, పాస్‌పోర్టులో పేరు ఒకలా బుకింగ్‌లో ఇంకోలా ఉండటం, ఓడ బయల్దేరే రోజు పొద్దున దిగేలా విమానం టికెట్ కొనడం: దెబ్బ తగిలేది ఇక్కడ. అందుకే ముందు రేవు తేల్చుకోవాలి, తర్వాత వీసా, తర్వాత తేదీ. ఓడ, గది, ధర ఆపైన చూసుకోవచ్చు.

ఏ రేవు నుంచి?

మన దేశంలో తిరిగే క్రూజ్ అంటే ప్రస్తుతానికి ముఖ్యంగా కార్డేలియా అనే కంపెనీది. 2021 సెప్టెంబరులో ఎంప్రెస్ అనే ఓడతో ముంబై నుంచి మొదలైంది. గోవా, కొచ్చి, లక్షద్వీప్ దాని మామూలు దారులు. పడమటి తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ కాలంలో ఓడ చెన్నై వైపు వచ్చి శ్రీలంక, విశాఖ, పుదుచ్చేరి లాంటి చోట్లకు తిరిగిన సందర్భాలున్నాయి. ఏ నెలలో ఏ రేవు అన్నది ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది షెడ్యూలు చూసుకోవాలి. ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, అంతకుముందు రాయల్ కరీబియన్ నడిపింది. పరిమాణం 48 వేల టన్నుల పైచిలుకు. సింగపూర్ నుంచి తిరిగే పెద్ద ఓడలు దీనికి మూడింతలు ఉంటాయి. మొదటిసారి సముద్రం పడుతుందో లేదో చూసుకోవడానికి రెండు మూడు రాత్రుల దేశీయ క్రూజ్ మంచి ఎంపికే. వాటర్‌స్లైడ్లు, మంచు రింకు ఊహించుకుని పోతే మాత్రం నిరాశ తప్పదు.

చెన్నై రేవైతే కడపవాళ్లకు అన్నిటికన్నా సులువు, 250 కిలోమీటర్ల పైచిలుకు దారి. ముంబై అయితే మనకు రైలే అక్కరకొస్తుంది. చెన్నై–ముంబై లైను కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతుంది. అనంతపురంవాళ్లకు బెంగళూరు–ముంబై ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. కర్నూలువాళ్లు గుంతకల్లుకో హైదరాబాదుకో పోయి ఎక్కాలి.

సింగపూర్ క్రూజ్‌లకు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై మూడు చోట్ల నుంచీ నేరుగా విమానాలున్నాయి, నాలుగు గంటల చిల్లర ప్రయాణం. అనంతపురం నుంచి దేవనహళ్లి, కర్నూలు నుంచి శంషాబాదు, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా సుమారు 200 కిలోమీటర్ల లోపు దూరాలే. ఓర్వకల్లు నుంచో కడప నుంచో చిన్న విమానంలో పోయి అక్కడ పెద్ద విమానం అందుకుందామనుకుంటే, రెండూ ఒకే టికెట్ మీద ఉంటేనే ఆ పని చేయాలి. వేర్వేరు టికెట్లయితే మొదటిది ఆలస్యమైనా రెండో కంపెనీకి పట్టదు. దానికన్నా ముందురోజు బస్సే నయం.

ఇక ఏ విమానమైనా, ఏ రైలైనా, ఓడ బయల్దేరే రోజుకు ఒక రోజు ముందే ఆ ఊళ్లో దిగాలి. ఓడ సాయంత్రం ఐదింటికి కదులుతుందంటే చెకిన్ కౌంటరు గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఓడ ఆగదు, డబ్బు వెనక్కి రాదు. తర్వాతి రేవులో ఎక్కుదామన్నా అక్కడి వీసా ఉండాలి, కంపెనీ ఒప్పుకోవాలి. ఒక రాత్రి హోటల్ ఖర్చు దీనిముందు లెక్కలోది కాదు.

వీసా: ఎన్ని దేశాలన్నది కాదు, ఎన్నిసార్లన్నది

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఓడ సింగపూర్‌లో బయల్దేరి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లో దింపుతుందనుకుందాం. విమానం దిగినప్పుడు సింగపూర్‌లోకి ఒక ప్రవేశం, ఓడ దిగినప్పుడు రెండోది. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో రెండోది కుదరదు. అసలు ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. చేతికొచ్చిన వీసా కాగితంలో మల్టిపుల్ అని ఉందో లేదో చదువుకోవాలి. సింగపూర్ వీసాకు గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారానే దరఖాస్తు చేయాలి. అరైవల్ కార్డును అక్కడికి చేరడానికి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. ఓడ దిగి మళ్లీ ఇమిగ్రేషన్ దాటేటప్పుడు కూడా అదే పని.

మలేషియా, థాయ్‌లాండ్ 2023 చివరి నుంచి భారతీయులకు వీసా మినహాయింపులిచ్చి, పొడిగిస్తూ వచ్చాయి. అవి శాశ్వతం కాదు, ఎప్పుడైనా మారవచ్చు. బుక్ చేసేరోజు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూసుకోవాలి. మొత్తం దారిలో ఉన్న ప్రతి రేవుకూ వీసా ఉండాలనేది చాలా కంపెనీల నియమం. నేను ఆ ఊళ్లో దిగను, ఓడలోనే కూర్చుంటానంటే కుదరదు.

యూరప్ అయితే షెంగెన్ వీసా, అంటే అక్కడి చాలా దేశాలకు కలిపి ఒకే వీసా. ఏథెన్స్‌లో ఎక్కి టర్కీ రేవొకటి తాకి మళ్లీ గ్రీసు దీవులకు వచ్చే ఓడలు చాలా ఉన్నాయి. టర్కీ షెంగెన్‌లో లేదు కాబట్టి ఇక్కడా మల్టిపుల్ ఎంట్రీ కావాల్సిందే. దరఖాస్తుతో పాటు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవికైతే అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, కాబట్టి సంక్రాంతి దాటగానే కదలాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను క్రూజ్‌కు తీసుకెళ్లడం ఇప్పుడు బాగా జరుగుతోంది. అందులో రెండు గుంతలున్నాయి. ఒకటి అలాస్కా. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడ కూడా మధ్యలో కెనడా రేవొకటి తాకుతుంది. విదేశీ జెండా కింద నడిచే ఓడలు కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకని ఆ ఆగడం తప్పదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా కావాలి. కెనడాలో ఆగేది ఒక్క సాయంత్రమే అయినా అంతే.

రెండోది ఆ పిల్లల గురించే. హెచ్-1బీ మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపు గడువు దాటిపోయినవాళ్లకు కెనడాకో మెక్సికోకో 30 రోజుల్లోపు పోయి తిరిగొచ్చే సౌకర్యం ఒకటుంది. కరీబియన్ దీవులకు అది ఎఫ్, జె వీసాలవాళ్లకే (విద్యార్థులు, ఎక్స్చేంజ్ మీద వచ్చినవాళ్లు) తప్ప హెచ్-1బీకి వర్తించదు. అమ్మానాన్నల వీసా పదేళ్లది నిక్షేపంగా ఉండి, కొడుకు స్టాంపు అయిపోయి బహామాస్ క్రూజ్ బుక్ చేస్తే ఇరుక్కునేది కొడుకే. పాస్‌పోర్టు లేకుండా జనన ధ్రువీకరణతో ఎక్కవచ్చని నెట్‌లో కనిపించే మాట అమెరికా పౌరులకు సంబంధించినది, మనకు కాదు.

పేరు, పాస్‌పోర్టు

తిరిగొచ్చే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు పాస్‌పోర్టులో మిగిలి ఉండాలి. మూడు పట్టణాల్లోనూ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి కాబట్టి రెన్యువల్‌కు దూరం పోనక్కర్లేదు. కానీ బుకింగ్‌కు ముందే చేయించుకోవాలి, ఎందుకంటే నంబరు మారుతుంది.

పేర్ల సంగతి ఇంకా చికాకు. ఇంటిపేరు గాజులపల్లె, పేరు వెంకట సుబ్బారెడ్డి అనుకుందాం. ఆధార్‌లో జి. వెంకట సుబ్బారెడ్డి, బ్యాంకు కార్డు మీద జి.వి.సుబ్బారెడ్డి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఏజెంటు ఆధార్ చూసి టికెట్ రాస్తాడు. రేవులో పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. క్రూజ్, విమానం, వీసా, బీమా నాలుగింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్న ఒంటిపేరు పాస్‌పోర్టులతో సందర్శకుల వీసాపై రావడాన్ని యూఏఈ 2022 నవంబరులో ఆపేసింది. దుబాయ్ నుంచి బయల్దేరే గల్ఫ్ క్రూజ్ ఆలోచన ఉంటే ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకోవడం మేలు. కువైట్‌లో పనిచేసే అబ్బాయి దుబాయ్‌లో కలుస్తానంటే అతని పాస్‌పోర్టు కూడా చూడాలి.

పోస్టర్‌లో ధర, చేతి నుంచి పోయే ధర

ప్రకటనలో కనిపించేది ఒక గదిలో ఇద్దరున్నప్పుడు తలకు పడే మూల ధర. దానిమీద రేవు రుసుములు, పన్నులు, టిప్పులు చేరతాయి. అంతర్జాతీయ ఓడల్లో టిప్పులు మనం ఇచ్చుకునేవి కావు, రోజుకు తలకు 16 నుంచి 20 డాలర్ల చుట్టుపక్కల ఖాతాలో వాటంతటవే పడతాయి. చాలా కంపెనీల్లో పిల్లలకూ అంతే.

లెక్క ఎలా పెరుగుతుందో ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు లెక్క కోసమే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నాలుగు రాత్రులు. పోస్టర్ ధర 400 డాలర్లు, పెద్దలిద్దరికీ 800. మూడో, నాలుగో మనిషికి సగం ధర అంటే పిల్లలకు 400. రేవు రుసుములు, పన్నులు తలకు 120 చొప్పున నలుగురికి 480. ఈ రుసుముల్లో పిల్లలకు సగం ఉండదు. టిప్పులు రోజుకు 18 చొప్పున నలుగురికి నాలుగు రాత్రులకు 288. మొత్తం 1,968. పోస్టర్ ధరతో లెక్కేస్తే నలుగురికి 1,600 అనుకున్నది, పిల్లలకు తగ్గించాక కూడా అక్కడికి చేరింది. ఇంకా వైఫై, మందు, కూల్‌డ్రింకులు, ఒడ్డు మీద టూర్లు, విమానాలు, వీసాలు, ఒక రాత్రి హోటల్ దీనిలో లేవు. అందుకే ఏజెంటును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఓడ దిగేదాకా ఓడ కంపెనీకి నేను కట్టాల్సిన మొత్తం ఎంత? అది కాగితం మీద రాసివ్వమనాలి.

ఉచితమన్న భోజనంలో బఫే, ప్రధాన భోజనశాల, మామూలు నీళ్లు, టీ, కాఫీ ఉంటాయి. ప్రత్యేక రెస్టారెంట్లు, సీసా నీళ్లు, మంచి కాఫీ, ఐస్‌క్రీం షాపుల్లో కొన్ని డబ్బుకే. పానీయాల ప్యాకేజీ ఒకరు కొంటే అదే గదిలో ఉన్న పెద్దవాళ్లందరూ కొనాలని చాలా కంపెనీల నియమం. మందు ముట్టని భార్యకు కూడా ప్యాకేజీ కట్టాక తెలిసేవాళ్లే ఎక్కువ. ఒంటరిగా పోతే ఇద్దరి ధరా కట్టాల్సి రావచ్చు.

విదేశీ టూర్ ప్యాకేజీ మన దేశంలోని ఏజెంటు దగ్గర కొంటే జీఎస్టీతో పాటు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షలు దాటినదానికి 20 శాతం పెట్టారు, తర్వాతి బడ్జెట్లలో రేటూ పరిమితీ మారాయి. కట్టేరోజు రేటెంతో అడగాలి. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది లేదా వెనక్కొస్తుంది. అందుకే రిటర్ను వేసేవాళ్ల పాన్ ఇవ్వాలి. అమ్మ పేరు మీద, ఆమె పాన్ మీద కట్టి, ఆమె రిటర్ను వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

గది

లోపలి గదికి కిటికీ ఉండదు. తర్వాత కిటికీ గది, బాల్కనీ, సూట్. రెండు మూడు రాత్రులకు లోపలి గది చాలు. పగలంతా డెక్ మీదే గడుస్తుంది. అలాస్కాకు, పెద్దవాళ్లతో వెళ్లే ఏడు రాత్రులకు మాత్రం బాల్కనీ డబ్బుకు తగ్గదే.

గది రకం కన్నా గది చోటు ముఖ్యం. అలల్లో ఓడ మధ్యభాగం ఇరుసులా ఉండి ముందూ వెనకా పైకీ కిందికీ లేస్తాయి, ఎత్తు పెరిగే కొద్దీ ఊపు పెరుగుతుంది. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్లు కింది డెక్కుల్లో నడిమి గది తీసుకోవాలి. ఓడకు ఇరుపక్కలా ఉండే స్టెబిలైజర్లు పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి, ముందువెనకల ఊపును పెద్దగా ఆపలేవు. డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) తెరిచి మీ గదికి పైన, కింద ఏముందో చూడండి. పైన స్విమ్మింగ్ పూల్ డెక్కుంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద నాటకశాల ఉంటే అర్ధరాత్రి దాకా సంగీతం. పైనా కిందా గదులే ఉన్న గది ప్రశాంతంగా ఉంటుంది.

గ్యారంటీ గది అని తక్కువ ధరకు అమ్ముతారు. రకం మాత్రమే గ్యారంటీ, చోటు కంపెనీ ఇష్టం. రెండు గదులు తీసుకున్న కుటుంబానికి ఇది పనికిరాదు. ఒకటి ముందు చివర, ఇంకొకటి వెనక చివర వచ్చే అవకాశముంది.

వాంతి మాత్రలు ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. ముందే వేసుకోవాలి. బీపీ, షుగరు, ప్రోస్టేట్, గ్లకోమా ఉన్నవాళ్లు ఏ మాత్రో డాక్టరును అడిగి తీసుకెళ్లాలి.

ఎప్పుడు, ఎవరి దగ్గర

జనవరి నుంచి మార్చి దాకా అంతర్జాతీయ కంపెనీలు ఆఫర్లు ఎక్కువగా పెడతాయి. తగ్గింపు కన్నా ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే డబ్బు), టిప్పులు కలిపి ఇవ్వడం లాంటివి చూడాలి. కరీబియన్‌లో తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. మన తూర్పు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే బెడద. తుఫాను వస్తే కంపెనీ దారి మార్చవచ్చు, రేవు వదిలేయవచ్చు. టికెట్ ఒప్పందంలో ఆ హక్కు రాసుకునే ఉంటుంది. వదిలేసిన రేవు రుసుము మాత్రం సాధారణంగా తిరిగి వస్తుంది. లక్షద్వీప్‌లో దీవికి చిన్న పడవల్లో దింపుతారు కాబట్టి అల కొంచెం పెద్దదైనా దిగడం రద్దు కావచ్చు.

మొత్తం డబ్బు చాలాచోట్ల బయల్దేరడానికి 75 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. అప్పటిదాకా ధర తగ్గితే తగ్గిన ధరకు మార్చమని అడగొచ్చు. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే మెట్లమెట్లుగా కోత పెరిగి, చివరి రెండు వారాల్లో రేవు రుసుములు, పన్నులు తప్ప ఏమీ వెనక్కి రాదు. వీసా రాకపోవడం వాళ్ల దృష్టిలో కారణం కాదు. కాబట్టి వీసా ఫలితం ఈ తేదీకి ముందే తేలేలా లెక్క వేసుకోవాలి. డిపాజిట్ వెనక్కి రాదన్న షరతు ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఏజెంటుకు కమిషన్ కంపెనీ ఇస్తుంది, కాబట్టి ధర చాలావరకు ఒకటే. ఏజెంటు ద్వారా చేస్తే ఏ మార్పైనా అతని ద్వారానే జరగాలి, కంపెనీ మనతో నేరుగా మాట్లాడదు. అందుకని డబ్బు కట్టిన రోజే బుకింగ్ నంబరు తీసుకుని కంపెనీ వెబ్‌సైటులో పేర్లు, గది నంబరు కనిపిస్తున్నాయో చూసుకోవాలి. నంబరు తర్వాత ఇస్తామంటే, డబ్బు సొంత ఫోన్‌పే నంబరుకు వేయమంటే అక్కడే ఆగాలి.

బీమా తీసుకునేటప్పుడు క్రూజ్ కవర్ ఉందా, ఓడ నుంచి హెలికాప్టర్‌లో తరలిస్తే ఇస్తారా అని అడగాలి. ఓడలోని ఆసుపత్రి డాలర్లలో బిల్లు వేస్తుంది. బీపీ, షుగరు దాచిపెడితే క్లెయిమ్ పోతుంది. గర్భిణులు ప్రయాణంలో ఏరోజైనా 24వ వారంలో అడుగుపెట్టేలా ఉంటే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. పసిపిల్లలకు కనీసం ఆరు నెలలు, సముద్రంలోనే చాలా రోజులుండే ప్రయాణాలకు ఏడాది.

సర్దుకునేటప్పుడు, ఎక్కేటప్పుడు

ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ తీసుకోరు. దీపం, అగరబత్తి, కర్పూరం కూడా కుదరవు. నిప్పంటే ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం. ఇంట్లో చేసిన వంట చాలా ఓడల్లో తిరస్కరిస్తారు, కంపెనీ సీలున్న పొట్లాలు ఫర్వాలేదు. అంటే శెనక్కాయల పొడి డబ్బాలో పోసుకెళ్లకండి, సీలున్నది కొనండి. దిగేచోట మాత్రం ఓడలోని తిండి ఒడ్డుకు తీసుకెళ్తే జరిమానా పడే దేశాలున్నాయి. శాకాహారం, జైన భోజనం ముందే, నెలరోజుల ముందు రాయించాలి.

మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోవాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గదికి వచ్చేసరికి రాత్రి కావచ్చు. ఓడ కదిలాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. నడిసముద్రంలో దొరికే సిగ్నల్ ఉపగ్రహం ద్వారా ఓడదే. మామూలు రోమింగ్ ప్యాకులో అది చాలాసార్లు ఉండదు, ఫోన్ తనంతట తాను డేటా లాగితే వేల బిల్లు వస్తుంది. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఊళ్లో ఉండగానే తెరిపించుకోవాలి. డెబిట్ కార్డు ఇస్తే ఓడవాళ్లు కొంత మొత్తం నిలిపివేస్తారు, అది వారాల తర్వాతే విడుదలవుతుంది. క్రెడిట్ కార్డు మంచిది.

ఎక్కగానే భద్రతా డ్రిల్ తప్పనిసరి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్లకు డ్రిల్ ఇంకా జరగలేదు. తర్వాత నిబంధన మార్చి బయల్దేరే ముందో, బయల్దేరగానేనో చేయాలన్నారు. మీ మస్టర్ స్టేషన్ (ప్రమాదమొస్తే చేరాల్సిన చోటు) ఎక్కడో, గది నుంచి దారి ఎటో పెద్దవాళ్లకు నడిచి చూపించండి.

రేవుల్లో దిగినప్పుడు తిరిగి ఎక్కే సమయం గ్యాంగ్‌వే (ఓడ ఎక్కిదిగే దారి) దగ్గర రాసి ఉంటుంది. అది ఓడ సమయం. ఒడ్డు గడియారం గంట తేడా ఉండొచ్చు, ఫోన్ దానంతట అదే మారిపోతుంది. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఎదురుచూస్తుంది. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుంటే ఎదురుచూడదు, కాబట్టి రెండు గంటల ముందే వెనక్కి తిరగాలి. దగ్గర్లో బజారు, గుడి చూడటానికి సొంతం మేలు. దూరంగా, దీవి అవతలి కొసకు పోయేదుంటే ఓడ టూరే.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. పొద్దున కట్టుకునే బట్టలు లోపల ఉంచుకున్నాకే పెట్టండి. అదే రాత్రి టీవీలోనో యాప్‌లోనో బిల్లు తెరిచి, తాగని కూల్‌డ్రింకు, పిల్లలాడిన ఆటల ఖర్చు పొరపాటున పడిందేమో చూడండి. గెస్ట్ సర్వీసెస్ దగ్గర రాత్రి పదింటికి వరుస చిన్నది, పొద్దున ఏడింటికి చాలా పెద్దది. ఓడ ఆరింటికి రేవు చేరినా చేతికి పెట్టె వచ్చి ఇమిగ్రేషన్ దాటేసరికి తొమ్మిది, పది అవుతుంది. తిరుగు విమానం మధ్యాహ్నం దాటాక ఉండేలా కొనండి.